‘దోర్’ చీటీ

తీఖోన్‌కి ఎనిమిది భాషలు వచ్చు. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా చెప్పేవాడు. అలాంటివాడు ఒక్క చిన్న మాట దగ్గర మూడు వారాలుగా చతికిలపడ్డాడు.

రుమేనియా కొండల్లోని ఒక క్రైస్తవ మఠంలో అతను నిఘంటువు రాస్తున్నాడు. ఒక్కో మాటకి ఒక్కో చీటీ. అంత ఎత్తుకి కాగితం రావడం గగనం. అందుకని చేతికందిన ప్రతి ముక్కనీ కత్తిరించి, ఖాళీగా ఉన్న వైపు రాసుకునేవాడు. రష్యా పల్లెనుంచి అక్క అగాఫ్యా ఏటా ఒకవైపే రాసి పంపిన ఉత్తరాలు కూడా అలాగే చీటీలైపోయాయి. సన్యాసికి ఇల్లేమిటని వాటిని చదవను కూడా లేదు. తల్లి లేని పిల్లాణ్ణి చంకనేసుకుని పెంచిన అక్క ఆవిడ.

ఉత్తరాలు ఆగిపోయి మూడేళ్లయింది. అప్పటినుంచీ తపాలా బండి వచ్చిన ప్రతిసారీ తీఖోన్ ఏదో పని కల్పించుకుని గేటుదాకా వెళ్లి వస్తూనే ఉన్నాడు. పైకి మాత్రం ఒప్పుకోడు.

ఒక మధ్యాహ్నం తనని ఆపేసిన ఆ మాట చీటీ పట్టుకుని గురువు వర్లామ్ దగ్గరికి వెళ్లాడు. ముసలాయన గుమ్మంలో కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తున్నాడు.

“తండ్రీ, మీ రుమేనియా వాళ్ల ‘దోర్’ నా ప్రాణం తీస్తోంది. పుట్టింది లాటిన్‌లో, నొప్పి అనే అర్థంతో. పోర్చుగీసు వాళ్లకి ఇప్పటికీ అది పంటినొప్పే, తలనొప్పే. మీ దగ్గరికొచ్చేసరికి దూరమైనవాళ్ల మీద బెంగ అయి కూర్చుంది. అదే బెంగని మా రష్యన్‌లో ‘తోస్కా’ అంటాం. దాని మూలం నొప్పి కాదు, ఖాళీతనం. ఇంతకీ బెంగంటే నొప్పా, ఖాళీయా? ఏది రాయను?”

“నీకెప్పుడైనా కలిగిందా, నాయనా?”

“నాకా? అవన్నీ వదిలేసి పదకొండేళ్లయింది.”

వర్లామ్ చేతులు తుడుచుకుని చీటీ అందుకున్నాడు. శిష్యుడు రాసింది చదవలేదు. వెనక్కి తిప్పి అతని చేతిలోనే పెట్టాడు.

అక్క వంకర అక్షరాలు, అతని చిన్నప్పటి ముద్దుపేరుతో మొదలై. ‘తీషా, వచ్చే వసంతానికి మేం ఈ ఊరు వదిలి వెళ్లిపోతున్నాం. నువ్వెప్పుడైనా వస్తే, మేముండేది’

అక్కడితో కత్తెర పడింది.

తీఖోన్ గదిలోకి పరుగెత్తి పెట్టెలన్నీ నేలమీద బోర్లించాడు. నాలుగు వేల చీటీలు. ఏ భాషదో, ఏ మాటదో చూడకుండా ఒక్కొక్కటే తిరగేయసాగాడు. ఒకదాంట్లో ఆవు ఈనింది. ఒకదాంట్లో ‘నీ చొక్కాలు ఇంకా దాచే’ అని ఉంది. ఊరి పేరు మాత్రం ఎక్కడా లేదు. అతను ఏడుస్తూనే వెతికాడు.

సాయంత్రం ప్రార్థనవేళైంది. ఆ వారం గంట కొట్టే వంతు తీఖోన్‌దే. గుర్తొచ్చి, గుప్పెళ్లలో చీటీలతోనే లేవబోయాడు.

వర్లామ్ అప్పటికే గుమ్మందాకా వచ్చాడు.

“గంట నేను కొడతాలే, నాయనా. నువ్వు వెతుక్కో.”