ఏనుగు ఒంట్లో ఇరవై మంది తాతలు

ఒకప్పుడు, ఏనుగులు కొండంత పెరగడం కొత్తగా మొదలుపెట్టిన రోజుల్లో, గుట్టమ్మ అనే ఏనుగు ఉండేది. దాని కడుపులో పిల్ల ఉంది. ఈనడానికి ఇంకా నాలుగు నెలలు.

గుట్టమ్మ ఒంట్లో లెక్కలేనన్ని బుల్లి బుల్లి గదులు. గదికో మగ్గం, ఒక నేతగత్తె, ఒక కావలి తాత. తోలూ కండా అన్నీ ఆ నేతగత్తెలు నేసినవే. ఎలా నెయ్యాలో చెప్పే నమూనా పుస్తకం గదికొకటి ఉండేది. అది పాతబడితే చూసి రాసుకోవాలి. తప్పు రాస్తే తాత దిద్దిస్తాడు. దిద్దడానికి వీల్లేకపోతే మగ్గం విప్పించి గది మూయిస్తాడు. తాత చెడ్డవాడేం కాదు, ఆయన పని అది.

ఎడమ డొక్కలో ఉండే ఆదెమ్మ భలే పనిమంతురాలు. ఆమె నేత చూసి మిగతావాళ్లు ముక్కున వేలేసుకునేవాళ్లు. ఒక్కటే పాడు అలవాటు. పడుగు దారాలకి గంజి పెట్టి, చెయ్యి కడుక్కోకుండా పుస్తకం తిప్పేది.

ఒకరోజు మండే ఎండ తోలు దాటి గదిలోకి దూరింది. కళ్లు చెదిరి ఆదెమ్మ కొత్త పుస్తకంలో ఒక వరస వదిలేసింది. ‘అంచు రాగానే ఆపు’ అన్న వరస అది. తాత పట్టుకునేవాడే. కానీ ఆయన రోజూ పొద్దున్నే ఆ పుస్తకంలోనే ఉండే, తన పని చెప్పే పుట చదువుకుని కావలికి దిగేవాడు. ఆ పుట గంజికి అతుక్కుపోయింది. ఒక్క అక్షరమూ చెడలేదు, పుట తెరుచుకోలేదంతే. తాత కునికిపాట్లు పడుతూ కూర్చున్నాడు.

ఇంకేముంది, ఆదెమ్మ నేస్తూనే ఉంది. పక్కన గది మీద గది కట్టింది. వాటికీ అదే పుస్తకం, అదే అతుకు. గుట్టమ్మ డొక్కలో పనసకాయంత గడ్డ లేచింది. పాపం, అది మేత మానేసింది.

అప్పుడు నెత్తురు వాగు గది గుమ్మంలో ఆగి చెప్పింది.

“ఆదెమ్మా, నీ గుడ్డ నా దారికి అడ్డం పడింది. కడుపులో పిల్లకి తిండి అందడం లేదు.”

ఆదెమ్మ గబగబా పుస్తకం తీసి, అతుకు మీద వాగు తడి అద్దింది. గంజి నాని పుట విడింది. తాత చదువుకుని, పుస్తకమంతా చూసి, తల దించుకున్నాడు. అన్ని గదుల్లో తప్పు దిద్దడం ఎవరి తరం? ఆయన మగ్గం వైపు చూశాడు.

“విప్పేస్తాలే తాతా,” అంది ఆదెమ్మ. “ఒక్క పని చేసి వెళ్తాను.”

చేతులు శుభ్రంగా కడుక్కుంది. తాత పుటని ఇరవై సార్లు రాసింది. ఒకటి అతుక్కున్నా మిగతావి తెరుచుకుని ఉంటాయని చెప్పి, కడుపులో పిల్లకి ఇమ్మని వాగు చేతికిచ్చింది. తరవాత మగ్గం విప్పి గది మూసేసింది. ఆమెని చూసి పక్క గదులన్నీ ఒక్కొక్కటే మూసుకున్నాయి. ఎంత మంచి నేతగత్తె!

గడ్డ కరిగింది. నెలలు నిండగానే గుట్టమ్మ బలమైన పిల్లని ఈనింది.

అప్పటినుంచే ఏనుగు ఒంట్లో, పుటకొకరు చొప్పున, గదికి ఇరవై మంది తాతలు. అంత పెద్ద ఒళ్లయినా దానికి క్యాన్సర్ గడ్డ లేవడం అరుదు. నమూనా తప్పిందని తెలిస్తే చాలు, ఏనుగు ఒంట్లో నేతగత్తె ఈనాటికీ ఎవరి చేతా చెప్పించుకోకుండా తన మగ్గం తనే విప్పేసుకుంటుంది.