వేపమండ కట్టిన నీళ్ళు

అనగనగా ఒక ఊరు. ఊరంటే మన ఊరిలా కాదు బంగారూ, కొల్లేటి నడుమ ఇంత మట్టిదిబ్బ, దాని మీద నాలుగు గుడిసెలు. లంక అంటారు. సంతకి పోవాలన్నా, పెళ్ళికి పోవాలన్నా దోనె ఎక్కాల్సిందే. దిండు మీద తల పెట్టు, చెప్తాను.

ఆ లంకలో నాంచారయ్య అని ఒకాయన ఉండేవాడు. చేపలు పట్టుకుని బతికేవాడు. ఆయన భార్య అచ్చమ్మ. చాలాకాలానికి వాళ్ళకి ఒక ఆడపిల్ల పుట్టింది. మాణిక్యం అని పేరు పెట్టుకున్నారు. ఆ పిల్ల కాలు కింద పెడితే కందిపోతుందేమో అన్నట్టు చూసుకునేవారు.

కొర్రమీను తెలుసుగా నీకు? పాములాంటి తల, నల్లటి ఒళ్ళు. నీళ్ళలో కట్టెముక్కలా కదలకుండా పడుంటుంది. కప్ప గానీ చిన్నచేప గానీ దగ్గరికొచ్చిందా, గుటుక్కున మింగేస్తుంది. మహా గడుసుది. వల చూస్తే బురదలో దూరిపోతుంది. అందుకని దాన్ని పట్టాలంటే ముందు చోటు తెలియాలి. ఆ చోటు నాంచారయ్యకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు.

దోనె ఆపి నీళ్ళకేసి చూసేవాడు. కిక్కిస గడ్డి అంచున ఒక్క బుడగ లేస్తే, ఇక్కడుంది అనేవాడు. ఎండ చురుక్కుమంటే నీళ్ళ మీద తేలే గుర్రపుడెక్క ఆకుల నీడన వెతకమనేవాడు. కొత్తనీరు వస్తే కాలువ కలిసే మూలకి పొమ్మనేవాడు. ఎవరడిగినా దాచుకోకుండా చెప్పేవాడు. అలాంటి మనిషికి అంత కష్టం రావాలా, చెప్పు.

ఆ లంకలో ఒక కట్టుబాటు ఉండేది. తొలకరికి కొర్రమీను పిల్లలు పెడుతుంది. ఆ పిల్లలు ఎర్రగా, కుంకుమ చల్లినట్టు నీళ్ళ మీద గుంపుగా తిరుగుతాయి. కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. పిల్లలు నల్లబడి, వాటి దారి అవి చూసుకునేదాకా రెండూ అక్కణ్ణుంచి కదలవు.

మనిళ్ళల్లో పురుడొస్తే గుమ్మానికి వేపమండ కడతాం చూడు. అలాగే ఎర్రపిల్లలు కనపడిన చోట కర్ర పాతి, దానికి వేపమండ కట్టేవాళ్ళు. అంటే అది పురిటిల్లన్నమాట. అక్కడ గాలం వెయ్యకూడదు. దోనె కూడా చుట్టు తిప్పుకుని పోవాలి. ఏటా ఆ మండలు కట్టే పని నాంచారయ్యదే.

ఒక ఏడు తొలకరి పడి ఊరుకుంది. ఆ తర్వాత చుక్క లేదు. కొల్లేరు ఎండి ఎక్కడికక్కడ మడుగులైంది. అయినా ఉన్న నీళ్ళలోనే చేపలు పిల్లలు పెట్టాయి. నాంచారయ్య తిరిగి తిరిగి వేపమండలు కట్టొచ్చాడు. లంకలో మాత్రం పొయ్యి మీద కుండ సరిగా ఉడకలేదు.

అప్పుడు మాణిక్యానికి జ్వరం వచ్చింది. మాయదారి జ్వరం. వారాల తరబడి పిల్లని పిండేసి పోయింది. ఎముకలు బయటపడ్డాయి. నీళ్ళు కూడా లోపల ఇమడట్లేదు.

మందిచ్చే ముసలాయన వచ్చి నాడి చూశాడు. "జ్వరం పోయింది నాంచారయ్యా. పిల్లలో సత్తువ లేదు. కొర్రమీను పులుసు పట్టండి. లేకపోతే నిలవదు" అన్నాడు.

నాంచారయ్య గాలానికి కప్పని గుచ్చుకుని బయల్దేరాడు. మొదటిరోజు కిక్కిస అంచున వేశాడు. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా కూర్చున్నాడు. ఏమీ పడలేదు.

రెండోరోజు గుర్రపుడెక్క నీడన వేశాడు. అక్కడా పడలేదు. ఇంటికొస్తే పిల్ల కళ్ళు తెరవడం లేదు.

మూడోరోజు కాలువ కలిసే మూలకి పోయాడు. నీళ్ళు మోకాలి లోతు కూడా లేవు. బురదలో చెయ్యి పెట్టి మరీ వెతికాడు పాపం. ఏమీ లేదు.

తిరిగొస్తుంటే దారిలో వేపమండ కనిపించింది. తను కట్టిందే. దాని పక్కన నీళ్ళ మీద ఎర్రగా పిల్లలు. కింద చేప ఉందని ఆయనకి తెలుసు. ఆ చుట్టుపక్కల ఖాయంగా చేప ఉన్న చోటు అదొక్కటే.

దోనె చాలాసేపు అక్కడే ఆపాడు. ఆ తర్వాత లేచి, కర్ర నుంచి వేపమండ విప్పేసి, దోనెలో పడేశాడు. కప్పని ఎర్రపిల్లల మధ్యకి విసిరాడు.

వెంటనే పడింది. ఆకలేసి కాదు బంగారూ. పిల్లల మధ్యకి ఏదో వచ్చిందని, దాన్ని తరమడానికి వచ్చి పడింది. తల్లిచేప. నాంచారయ్య దాన్ని గాలం నుంచి తప్పించి దోనెలో వేశాడు. 'తండ్రిచేప ఉందిగా, అది చూసుకుంటుందిలే' అనుకున్నాడు.

లంక రేవులో పోతురాజు ఎదురయ్యాడు. వరసకి అల్లుడు. దోనెలో చేపని చూశాడు. పక్కనే పడున్న వేపమండనీ చూశాడు. తన గుడిసెకేసి వెళ్ళిపోయాడు.

"ఎక్కడ దొరికింది?" అంది అచ్చమ్మ. "నీళ్ళల్లో" అన్నాడు నాంచారయ్య. ఆవిడ మొగుడి మొహం చూసి చేప అందుకుంది. పులుసు కాచి పిల్లకి చెంచాతో పట్టింది. పిల్ల మింగింది. మర్నాటికి కళ్ళు తెరిచింది. నాలుగోనాటికి లేచి కూర్చుంది.

తప్పు చేశాడంటావా? నేనైతే అనలేను.

కానీ పోతురాజింట్లోనూ పిల్లలున్నారు. వాళ్ళూ పస్తులే. రేవులో చూసిన మర్నాడు తెల్లారగానే అతను, మండ లేని కర్ర వెతుక్కుని, అదే చోటికి వెళ్ళి తండ్రిచేపని పట్టుకొచ్చాడు. పెద్దవి రెండూ పోయాక కొంగలు దిగి ఎర్రపిల్లల్ని ఏరుకు తిన్నాయి.

నాంచారయ్య పోతురాజు గుమ్మంలోకి పరిగెత్తాడు. "అది పురిటిల్లురా" అన్నాడు.

"నువ్వే విప్పావు గదా మావా. నీ పిల్ల పిల్లా, మా పిల్లలు పిల్లలు కారా?" అన్నాడు పోతురాజు. నాంచారయ్య గుమ్మం దిగి వచ్చేశాడు.

ఆ తర్వాత లంకంతా బయల్దేరింది. ఎవరూ వెతుక్కోనక్కర్లేదు. ఎక్కడ వేపమండ కనిపిస్తే అక్కడ చేప. ఆ చోట్లన్నీ చూపించింది నాంచారయ్య చేతులే. ఆ నెలంతా ఏ ఇంటికెళ్ళినా పులుసు వాసనే. వాసన తగిలినప్పుడల్లా ఆయన లేచి బయటికి పోయేవాడు.

మరుసటేడు వానలు బాగా పడ్డాయి. కొల్లేరు నిండింది. నాంచారయ్య వేపమండలు కోసుకుని దోనె తీశాడు. మాణిక్యం కూడా వస్తానని ఎక్కి కూర్చుంది. బుగ్గలు పూడి, కళకళ్ళాడుతూ ఉంది పిల్ల.

కిక్కిస వైపు వెళ్ళారు. గుర్రపుడెక్క వైపు వెళ్ళారు. కాలువ మూలకీ వెళ్ళారు. నీళ్ళు నిండుగా, తేటగా ఉన్నాయి. ఎక్కడా ఎర్రటి చుక్క కూడా లేదు.

"దేనికోసం చూస్తున్నావు నాన్నా?" అంది మాణిక్యం.

"కొర్రమీను పిల్లల కోసమమ్మా. ఎర్రగా ఉంటాయి."

పిల్ల దోనె అంచు పట్టుకుని నీళ్ళలోకి వంగి చూసింది. చాలాసేపు చూసింది. "వాళ్ళమ్మ తీసుకెళ్ళిపోయిందేమో నాన్నా" అంది.

నాంచారయ్య పిల్ల తల మీద చెయ్యి వేశాడు. "అవునమ్మా, వాళ్ళమ్మే తీసుకెళ్ళిపోయింది" అన్నాడు. అని, మొహం అటు తిప్పుకుని ఏడ్చాడు.

ఆ చేపలు ఎలా పోయాయో లంకలో అందరికీ తెలుసు. మాణిక్యానికి మాత్రం ఎవ్వరూ, పోతురాజుతో సహా, ఎన్నడూ చెప్పలేదు.

ఊఁ కొట్టడం మానేశావు. నిద్దరొచ్చిందా తల్లీ?

కథేమో దోనెక్కి కంచికి,
కళ్ళు మూసుకుని మనం ఇంటికి.