తాబేలుకు కాపలా కాసిన దున్న

కొండల వెనక అడవిలో చినుకు పడక మూడు నెలలైంది. ఉన్న ఒక్క మడుగూ రోజురోజుకీ ఇంకిపోతోంది. అందులోనే తిమ్మవ్వ అనే ముసలి తాబేలును ఖైదు చేశారు.

"మడుగులో తాబేలుంటే నీళ్లెండవు" అని నక్క ఓబులు నమ్మబలికాడు. వెంటనే అడవిపంది మారెన్న, దారిన పోతున్న తిమ్మవ్వను ముట్టెతో దొర్లించుకొచ్చి అందులో పడేశాడు. కాపలా పని అడవిదున్న ఈరప్ప నెత్తిన పడింది.

ఈరప్పకు ఆ పని మింగుడు పడలేదు. తిమ్మవ్వ గట్టెక్కిన ప్రతిసారీ కొమ్ముతో వెనక్కి నెట్టాలి. ఆమె ఏదో చెప్పబోయేది. వింటే మనసు కరుగుతుందని అతను చెవులు వాల్చేసుకునేవాడు. "ఏం చెయ్యనవ్వా, నా దూడకు నీళ్లు కావాలి" అనేవాడు.

పన్నెండు రోజుల్లో మోకాలి లోతు నీళ్లు గిట్టలు తడిసేంతకు దిగాయి. ఈరప్ప అందర్నీ పిలిచాడు.

"నీళ్లు నిలవలేదు. అవ్వను వదిలేద్దాం."

"వదిలితే ఉన్న కాసినీ పోతాయేమో మామా!" అన్నాడు మారెన్న.

"పోతాయేమో కాదు, పోతాయి. ఇంకో నాలుగు రోజులు ఓపిక పట్టండి" అన్నాడు ఓబులు. అంటూ తిమ్మవ్వ మెడకేసి చూసి గుటక వేశాడు.

ఆ గుటక ఈరప్ప కంటబడింది. నాలుగు రోజులాగితే మిగిలేది బురద. అందులో కూరుకుపోయిన తాబేలు ఎవరికి విందో అప్పుడర్థమైంది.

"నిజమే ఓబులూ, అవ్వ ఒక్కతే చాలినట్టు లేదు" అన్నాడు చల్లగా. "ఇన్ని సంగతులు తెలిసిన మహిమ గలవాడివి, వానలు పడేదాకా నువ్వూ తోడుండు. మారెన్నా, తొయ్యి!"

మారెన్న ఒక్క తోపు తోశాడు. ఓబులు పొట్ట దాకా బురదలో దిగబడ్డాడు. పైకి రాబోతే ఎదురుగా ఈరప్ప కొమ్ములు.

"మరి నా తిండి?"

"అవ్వకేం పెట్టాం? నీకూ అదే."

"నేనుంటే నీళ్లెలా నిలుస్తాయయ్యా! ఎవరున్నా ఎండకు ఎండాల్సిందే!"

"తాబేలున్నా?"

"తాబేలున్నా!" అని అరిచి నాలిక్కరుచుకున్నాడు ఓబులు.

మారెన్న సిగ్గుతో తల దించుకున్నాడు. ఈరప్ప తిమ్మవ్వకు దారి వదిలి పక్కకు జరిగాడు.

"తప్పయిపోయిందవ్వా. ఇంతకీ ఆ రోజు ఎక్కడికి పోతున్నావు?"

"నీళ్ల దగ్గరికి" అంది తిమ్మవ్వ. "తూర్పు లోయలో బండల కింద ఊట ఉంది. రోజూ చెప్పబోయాను. నువ్వు విన్నావా నాయనా?"

ఓబులును బురదలోనే వదిలేసి, అందరూ తాబేలు నడకతో ఆమె వెంట నడిచారు. పొద్దు వాలేసరికి బండల సందున నీళ్లు మెరిశాయి. తిమ్మవ్వ బుడుంగున మునిగింది. దూడ మూతి పెట్టి గటగటా తాగుతుంటే, పన్నెండు రోజులుగా బిగబట్టిన ఊపిరి ఈరప్ప ఒక్కసారిగా వదిలాడు.

ఎవరినైనా పట్టి ఉంచే ముందు వాళ్లు ఎక్కడికి పోతున్నారో ఒక్క మాట అడగాలి.