పాలలో తీపిని తినేసిన చిన్నవాళ్లు

ఒకప్పుడు పాలు పాలుగానే ఉండేవి. ఎన్నాళ్లుంచినా విరిగేవి కావు, పులిసేవి కావు, తోడుకునేవి అసలే కావు. మజ్జిగ కావాలంటే "అదెవరు, ఎవరింటి పిల్ల?" అని అడిగేవారు జనం.

ఆ కాలంలో ఒక కొండ కింద పోలమ్మ అనే గొల్ల ఇల్లాలు ఉండేది. ఆమెకు సింగారి అనే కూతురు, కాటుక అనే గేదె. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. గాదెలో గింజ లేదు. ఇంట్లో తిండి అంటే కాటుక ఇచ్చే పాలే.

సింగారి పసిబిడ్డగా ఉన్నప్పుడు పాలు గటగటా తాగేది. ఎదిగేకొద్దీ ఏమైందో, గుక్కెడు తాగితే చాలు, పొట్ట డప్పులా ఉబ్బేది. లోపల ఒకటే గుడగుడ. ఆపైన చెంబు పట్టుకుని పరుగో పరుగు! పిల్ల చిక్కి పుల్లయిపోయింది.

"తాగితే నొప్పి, తాగకుంటే ఆకలి. నేనేం చేసేదమ్మా?" అని ఏడ్చింది సింగారి.

పోలమ్మ ఆ పొట్ట మీద చెయ్యి వేసింది. "ఏమమ్మా పొట్టా, నా బిడ్డను ఎందుకిట్లా సతాయిస్తాండావు?"

"నన్నంటే ఎట్లా?" అంది పొట్ట. "పాలలో ఒక తీపి దాక్కోనుంటాది. పాప చిన్నప్పుడు దాన్ని ముక్కలు కోసే కత్తి నా దగ్గర ఉండేది. ఇప్పుడది మొద్దుబారిపాయె. ఆ తీపి అరక్క నాలోపల అల్లరి చేస్తాంది."

పోలమ్మ నిప్పును బతిమాలింది. నిప్పు పాలను తెగ మరిగించింది. పాలు చిక్కబడ్డాయి గాని తీపి కదల్లేదు. గాలిని బతిమాలింది. గాలి విసిరి విసిరి అలిసిపోయింది. తీపి అలాగే ఉంది.

"ఇంత పెద్దవాళ్లం, మా వల్లే కాలేదు. ఇంకెవరి వల్లా కాదు" అని ఇద్దరూ తేల్చేశారు. కాటుక తల వంచుకుని నిలబడింది. తన పాలే బిడ్డను ఏడిపిస్తున్నాయని దానికి చెప్పలేనంత బాధ.

ఆ ఊళ్లో పాలకుండను రోజూ బూడిదతో తోమి, వేడినీళ్లు పోసి, ఎండలో బోర్లించేవారు. ఆరోజు దిగులులో పోలమ్మ ఆ పని మరిచిపోయింది. పొద్దున పిండిన పాలు కాచి, గోరువెచ్చగా అయ్యాక కడగని కుండలోనే పోసి, మూత పెట్టి, పిల్ల పక్కన కూలబడింది.

సాయంత్రం కుండలోంచి సన్నగా పాట వినబడింది. మూత తీస్తే పాలు లేవు! తెల్లగా, నున్నగా, కుండ వంచినా ఒలకని ముద్ద ఉంది.

"ఎవరు మీరు?" అంది పోలమ్మ కుండలోకి తొంగిచూస్తూ.

"కంటికి ఆననంత చిన్నవాళ్లమమ్మా. రోజూ వేడినీళ్లతో తరిమేస్తావు. ఈరోజు వదిలేశావు. ఆకలేసి పాలలో తీపి తినేశాం. కోపమొచ్చిందా?"

నిప్పు వల్ల కానిది, గాలి వల్ల కానిది, కనబడనివాళ్లు పాడుకుంటూ చేసేశారు! పోలమ్మ రెండు చేతులూ ఎత్తి కుండకు దండం పెట్టింది.

సింగారి వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది. "పుల్లగుందమ్మా!" ఇంకొంచెం తింది. ఆగింది. అందరూ పొట్ట వైపే చూశారు. నిప్పు కూడా చిటపటలు మానేసింది.

"హాయిగుంది" అంది పొట్ట. "మిగిలిన కాస్త తీపిని నేను చూసుకుంటాలే. మెల్లగా పెట్టు."

సింగారి గిన్నెడు తిని, చాన్నాళ్లకు నవ్వింది. కాటుక తోక ఊపుకుంటూ ఇల్లంతా వినబడేలా అరిచింది.

"మీకేమియ్యను నాయనా?" అని అడిగింది పోలమ్మ.

"కుండ కడుక్కో తల్లీ, మేమేమీ అనం. కానీ గిన్నె ఊడ్చెయ్యకుండా ఒక్క చెంచాడు మిగుల్చు. రేపటి పాలు గోరువెచ్చగా చేసి అందులో కలుపు. మరీ వేడైతే చచ్చిపోతాం, చల్లనైతే నిద్రపోతాం."

ఆ చెంచాడు మిగిలింది. దాంతో మర్నాటి పాలు తోడుకున్నాయి. అందులోంచి ఒక చెంచాడు పక్కింటికి వెళ్లింది, అక్కణ్ణుంచి పక్క ఊరికి, అక్కణ్ణుంచి కొండలు దాటి మనందరి ఇళ్లకీ వచ్చింది.

అప్పటినుంచే పెరుగు పుల్లగా ఉంటుంది. అప్పటినుంచే పాలు పడని కడుపుల్లో చాలావాటికి మజ్జిగ చల్లగా పడుతుంది. అప్పటినుంచే మనం ఎంత మారాం చేసినా అమ్మ గిన్నె అడుగున ఒక్క చెంచాడు దాచేస్తుంది. దాన్ని నాకెయ్యకండి పిల్లలూ, సింగారిని బతికించినవాళ్లు ఇంకా అందులోనే ఉన్నారు.