కొర్లమ్మ ఇక్కడే ఉంది

అనగనగా, సముద్రాన్ని గీతలు గీసి పంచుకోవచ్చని ఇంకా ఎవరికీ తోచని కాలంలో, ఒక ఉత్తరపు ఒడ్డు, ఒక దక్షిణపు ఒడ్డు. ఆ ఒడ్డుకి ఒక రాజు, ఈ ఒడ్డుకి ఒక రాజు. మధ్యలో నీళ్లు. నీళ్ల మధ్యలో ఒక ఇసక తిప్ప. దాని మీద పీతలు తప్ప కాపురం ఉండేవాళ్లు లేరు. అందుకని పీతలతిప్ప అనేవారు.

పీతలతిప్ప ఎవరిది? ఆ రోజుల్లో అలా అడిగితే జనం నవ్వేవారు. గాలి ఎవరిది అని అడిగినట్టు ఉండేది.

ఏటా ఎండ ముదిరే వేళకి రెండు ఒడ్ల ఆడవాళ్లూ పడవలెక్కి తిప్పకి వచ్చేవారు. మగవాళ్లు పట్టిన నెత్తళ్ల చేపల్ని ఆ ఇసకలో ఎండబెట్టేవారు. ఉత్తరపు పిల్లని దక్షిణానికి ఇవ్వడం, దక్షిణపు పిల్లని ఉత్తరానికి తెచ్చుకోవడం వాళ్లలో తాతలనాటి ఆనవాయితీ. కాబట్టి తిప్ప మీద ఏ ఆడదాన్ని చూసినా పుట్టిల్లు ఒక ఒడ్డున, అత్తిల్లు ఇంకో ఒడ్డున. రెండు ఇళ్లున్న దానికి సొంత ఇల్లు ఉండదన్న సంగతి మీకు తెలిసిందే.

వాళ్లలో ఒకతె కొర్లమ్మ. ఉత్తరాన పుట్టింది, దక్షిణానికి ఇచ్చారు. మొగుడు వేటకి వెళ్లి తిరిగి రాలేదు. అత్తింటివాళ్లు, "మావాడే లేనప్పుడు నువ్వు మాకేమవుతావు?" అన్నారు. పుట్టింటి గుమ్మం ఎక్కితే, "ఇచ్చేసిన పిల్లవి, మా దానివి ఎలా అవుతావు?" అన్నారు. కొర్లమ్మ ఆ గుమ్మం చూసింది, ఈ గుమ్మం చూసింది. పడవ తెచ్చి తిప్ప మీద ఆపింది. పీతలు ఏమీ అడగలేదు. అక్కడే ఉండిపోయింది.

తిప్ప మీద నీళ్లు లేవు. కొర్లమ్మ చేతులతో ఇసక తవ్వింది. మొదటి గుంటలో ఉప్పునీళ్లు. రెండో గుంటలో ఉప్పునీళ్లు. మూడో గుంట మోకాటి లోతు తవ్వి ఆగింది. తియ్యటి నీళ్లు ఊరాయి. ఆ చెలమకి ఆవిడ మూడు కట్టుబాట్లు పెట్టింది. చిప్పతోనే తోడాలి. మోకాలు దాటి లోతు తవ్వకూడదు. తాగాక తాటాకు మూత వెయ్యకుండా పోకూడదు.

"ఎందుకక్కా ఇంత పట్టింపు?" అని అడిగింది దాలమ్మ. దాలమ్మ కొర్లమ్మకి తోటికోడలు, మరిది పెళ్లాం. ఏటా నెత్తళ్ల కాలంలో వచ్చి ఆవిడ దగ్గరే దిగేది.

"తిప్ప కింద ఉప్పునీరు పడుకుని ఉంటాదే దాలీ. దాని మీద వాన కురిపించిన తీపినీరు పల్చగా, దుప్పటి కప్పినట్టు ఉంటాది. గునపం దించామా, కిందది లేస్తాది. లేచిందా, మళ్లీ వానలదాకా పడుకోదు."

దాలమ్మ తల ఊపింది. ఆ మాట ఆమెకి గుర్తుండిపోయింది.

ఇలా ఉండగా ఒక ఏడు, రాజులకి ఎవరో బుద్ధిమంతులు ఒక సంగతి చెప్పారు. తిప్ప ఎవరిదైతే, తిప్ప మీద కొట్టిన డప్పు వినిపించినంత మేరా సముద్రం వాళ్లదేనట. ఆ నీళ్లలో చేపలు వాళ్లవి. అడుగున ముత్యాలు వాళ్లవి. పైన పోయే ఓడలు వాళ్లకి దణ్ణం పెట్టి పోవాలి.

అంతే. తెల్లారేసరికి ఉత్తరం నుంచి ఒక ఓడ నిండా భటులు, దక్షిణం నుంచి ఒక ఓడ నిండా భటులు. పీతలు అడ్డంగా పరిగెత్తి బొరియల్లో దూరాయి.

మొదటి రోజు పేర్లు పెట్టారు. ఉత్తరం వాళ్లు విజయద్వీపం అన్నారు. దక్షిణం వాళ్లు జయద్వీపం అన్నారు. దాలమ్మ చేతిలో నెత్తళ్ల బుట్ట పట్టుకుని నోరు తెరిచి నిలబడిపోయింది.

"అక్కా, ఏ యుద్ధం జరిగింది? ఎవరు గెలిచారు?"

"మన నెత్తళ్లు ఓడిపోయినట్టున్నాయే," అంది కొర్లమ్మ. "తీసి లోపల పెట్టు, తొక్కేస్తున్నారు."

రెండో రోజు ఇరువైపుల పండితులూ దిగారు. తాటాకు గ్రంథాలు విప్పారు. ఉత్తరం దగ్గర ఉన్న గ్రంథం తిప్ప ఉత్తరానిదంది. దక్షిణం దగ్గర ఉన్నది దక్షిణానిదంది. చివరికి ఇద్దరికీ కుదిరిన మాట ఒక్కటే దొరికింది. ఏ రాజు మనిషి సమాధి ఆ నేల మీద ఉంటే, ఆ నేల ఆ రాజుది.

తిప్పంతా వెతికారు. ఒక్క సమాధీ లేదు. అక్కడివాళ్లు చస్తే సముద్రంలో చస్తారు, లేదా ఇంటికి పోయి చస్తారు.

"అయితే ఎవరో ఒకరు ఇక్కడ చావాలన్నమాట," అంది కొర్లమ్మ, చేపలు తిరగేస్తూ. "మీలో ముందు ఎవరు బాబూ? సిగ్గుపడకండి."

భటులు నవ్వారు. పండితులు నవ్వలేదు.

ఉత్తరపు పండితుడు దగ్గరికి వచ్చాడు. "ఏమ్మా, నువ్వు ఎవరి మనిషివి?"

"ఉత్తరాన పుట్టాను, దక్షిణాన మెట్టాను, మధ్యలో నా మొగుడు మునిగాడు. చదువుకున్నవారు, మీరే చెప్పండి బాబూ."

పండితుడు భటుల నాయకుడైన ఉత్తరపు దళవాయిని చూశాడు. "ఇచ్చేసిన పిల్ల, మన లెక్కలోకి రాదు," అన్నాడు దళవాయి. దక్షిణపు దళవాయి, "విధవముండ, మాకేమవుతుంది?" అన్నాడు. ఈ మాటలు దాలమ్మ చెవులారా విన్నది. రెండు గుమ్మాలూ పడవెక్కి తిప్పమీదికి నడిచొచ్చినట్టు అనిపించింది ఆమెకి.

నేల ఎవరిదో తేలేదాకా ఉండడానికని, నడిమధ్య గుంజలు పాతి కొబ్బరితాడు కట్టారు. తాడు సరిగ్గా కొర్లమ్మ వాకిట్లోంచి పోయింది. పొయ్యి దక్షిణాన పడింది. చెలమ ఉత్తరాన పడింది.

మూడో రోజు డప్పు కొట్టి చాటారు. తాడు దాటినవాళ్లు శత్రువులు.

"వాకిలి దాటితే శత్రువా?" అంది దాలమ్మ. ఆమెకి నవ్వొచ్చింది. ఎవరూ తనతో కలిసి నవ్వకపోయేసరికి కొర్లమ్మ పక్కకి జరిగింది.

ఆ మధ్యాహ్నం పున్నమి పోటు మొదలైంది. గాలి లేచింది. కెరటాలు తిప్ప నడుము దాకా ఎగబాకుతున్నాయి. ఉత్తరపు భటులు నీళ్లు తాగి చెలమ తెరిచి వదిలేశారు. మూత పక్కన పడి దొర్లుతోంది.

"ఓ బాబులూ! మూత వెయ్యండర్రా!" అని అరిచింది కొర్లమ్మ తాడు ఇవతలి నుంచి. "ఒక్క కెరటం దూరిందంటే అందరం నాలుక పీక్కుని చస్తాం!"

ఎవరూ కదల్లేదు. మూత వెయ్యమని వాళ్లకి ఉత్తర్వు లేదు.

"అక్కా, వద్దు," అంది దాలమ్మ.

"నువ్వు ఉండవే. మూత వేసి వచ్చేస్తాను. నా చెలమే గదా."

కొర్లమ్మ చీర ఎగదోపుకుని, నడుం వంచి, తాడు కింద నుంచి దూరింది. నాలుగు అడుగులు వేసింది. మూత అందుకుంది.

రెండు బాణాలు వచ్చాయి. ఒకటి ముందు నుంచి. ఒకటి వెనక నుంచి.

భయపడి వేశారో, కనిపెట్టుకుని కూర్చుని వేశారో, వేసినవాళ్లకే తెలియాలి. దాలమ్మకి ఆ క్షణాన ఏమీ వినిపించలేదు. సముద్రం నోరు మూసుకున్నట్టు అయింది. ఆమె నడిచి వెళ్లింది. తాడు దాటుతున్నానన్న ఎరుక కూడా లేదు. కొర్లమ్మ చేతిలోంచి మూత తీసుకుంది. చెలమ మీద వేసింది. నాలుగు మూలలా ఇసక పోసి అదిమింది. అప్పుడు, అంతా అయ్యాక, వెనక్కి తిరిగి చూసింది.

పీతలు అడ్డంగా పరిగెత్తి బొరియల్లో దూరాయి.

ఇక్కడ వినండి. ఈ మాట చెప్పేటప్పుడు మా ముసలమ్మలు ఊపిరి బిగబట్టేవారు.

ఉత్తరపు దళవాయి పరుగెత్తుకొచ్చి, "అయ్యో, మా ఆడపడుచు!" అన్నాడు. దక్షిణపు దళవాయి పరుగెత్తుకొచ్చి, "అయ్యో, మా కోడలు!" అన్నాడు. నిన్న లెక్కలోకి రానిది ఇవాళ ఆడపడుచు. నిన్నటి విధవముండ ఇవాళ కోడలు. ఆవిడ బతికున్నన్నాళ్లూ ఒక్క గుమ్మం తెరుచుకోలేదు. చచ్చిన గడియలోనే రెండు రాజ్యాలు తలుపులు తీశాయి.

దాలమ్మ వాళ్ల ముఖాలు చూసింది. ఇది ముఖమేనా అని చూసింది. బాణాలు ఎవరివని అడిగింది. ఎవరివీ కావు. శవం ఎవరిదని అడిగింది. ఇద్దరిదీ.

"మూడు రోజుల్లో రాజులే వస్తారు. రాజలాంఛనాలతో సమాధి కడతాం. అందాకా శవం కాపలాలో ఉంటుంది," అన్నారు దళవాయిలు. కత్తులు దూసి కాపలా పెట్టారు. ఎవరు కట్టే సమాధి తిప్ప మీద లేస్తే, సముద్రం వాళ్లదైపోతుంది. తాడు గోడ అవుతుంది. ఆ ఒడ్డుకి ఇచ్చిన పిల్ల ఈ ఒడ్డున ఉన్న తల్లి మొహం ఇక చూడదు. దాలమ్మకి అది అర్థమైంది.

ఆమె కళ్లు తుడుచుకుంది. తలవంచి అడిగింది. "బాబూ, ఆడమనిషి శవం. స్నానం చేయించాలి. అది మగవాళ్లు చేసే పని కాదు. ఆ ఒడ్డు నుంచి పుట్టింటివాళ్లు పసుపు తేవాలి. ఈ ఒడ్డు నుంచి అత్తింటివాళ్లు చీర తేవాలి. మీ ఇళ్లల్లో మీ అమ్మలకి కూడా ఇదే ఆచారం గదా?"

దళవాయిలు ఆచారం కాదనలేకపోయారు. రెండు ఒడ్లకీ కబురు పంపారు.

మర్నాటి పొద్దుటికి పడవలొచ్చాయి. ఉత్తరం నుంచి ముప్ఫై అయిదు. దక్షిణం నుంచి ముప్ఫై నాలుగు. పడవకొక ఆడది, దాలమ్మతో కలిపి డెబ్బై మంది. పసుపు తెచ్చారు, చీరలు తెచ్చారు, చేటలు తెచ్చారు. చీరలు పట్టి తెరలు కట్టారు. తెర పక్కన తెర, తెర పక్కన తెర, తిప్ప ఈ కొస నుంచి ఆ కొసకి.

"అటు తిరగండర్రా!" అని గద్దించింది ఒక ముసలమ్మ. "ఆడదాని స్నానం చూస్తారా? చంపింది చాలదా?"

రెండు రాజ్యాల సైన్యాలూ వీపులు తిప్పి నిలబడ్డాయి. ఒక పూట గడిచింది. తెరల లోపల నీళ్ల చప్పుడు, చేటల చప్పుడు. ఏడుపు మాత్రం లేదు. అదేమిటో భటులకి తోచలేదు.

తెరలు దించారు. శవం లేదు. తిప్ప పొడుగునా సమాధుల్లాంటి ఇసక గూళ్లు. డెబ్బై గూళ్లు. ఒకదానిలాగే ఇంకొకటి. గూడుకొక ఆడది కూర్చుని ఉంది.

"కొర్లమ్మ ఏదీ?" అన్నాడు ఉత్తరపు దళవాయి.

"ఇక్కడే ఉంది," అంది మొదటి ఆడది.

"ఇక్కడే ఉంది," అంది రెండోది.

"ఇక్కడే ఉంది," అంది దాలమ్మ.

డెబ్బై మందీ అదే మాట. కత్తి చూపించినా అదే మాట. అప్పుడు దళవాయిలు తవ్వమన్నారు. ముందు దొరికించుకున్నవాళ్లదే శవం. శవం ఎవరిదైతే వాళ్లదే సముద్రం. భటులు గునపాలు పట్టారు. మొదటి గూడు తవ్వారు, లేదు. ఇంకా లోతు తవ్వారు, లేదు. రెండోది తవ్వారు. మూడోది తవ్వారు. ఉత్తరం వాళ్లు తవ్వుతున్నారని దక్షిణం వాళ్లు ఇంకా లోతు తవ్వారు. చెలమ చుట్టూ తవ్వారు, చెలమనీ తవ్వారు. మోకాలు దాటింది, నడుము దాటింది.

దాలమ్మ చూస్తూ కూర్చుంది. ఆగమని ఒక్క మాట అనలేదు. ఈసారి మాత్రం అనలేదు.

చెప్పినట్టే మూడు రోజులకి రాజులు దిగారు. ఎండలో దాహం వేసింది. చెలమ దగ్గర వెండి చెంబులతో నీళ్లు ముంచి ఇచ్చారు. ఉత్తరపు రాజు నోట పోసుకుని ఉమ్మేశాడు. దక్షిణపు రాజు నోట పోసుకుని ఉమ్మేశాడు. ఉప్పు. తిప్పంతా ఉప్పు. కింద పడుకున్నది లేచింది.

భటుల పెదాలు అప్పటికే పగిలి ఉన్నాయి. ముందు ఉత్తరపు ఓడ కదిలింది. ఒంటరిగా దాహానికి చచ్చి తామొక్కరే సమాధులు కావడం ఇష్టం లేక, వెనకే దక్షిణపు ఓడ కదిలింది. పోతూ పోతూ ఏ దళవాయికీ తాడు విప్పాలని తోచలేదు. ఆడవాళ్లు విప్పారు. రెండు ముక్కలు చేసి పడవలు కట్టుకోవడానికి వాడుకున్నారు.

పీతలు బొరియల్లోంచి బయటికొచ్చాయి.

వానలు పడ్డాయి. కిందది మళ్లీ పడుకుంది. మరుసటి ఏడాది ఆడవాళ్లు కొత్త చెలమ తవ్వుకున్నారు, మోకాటి లోతు.

దాలమ్మ ముసలిదయ్యాక, కోడలు ఒకనాడు మెల్లగా అడిగింది. "అత్తా, నిజంగా ఎక్కడ పెట్టారు పెద్దత్తని?"

"ఏం, రాజుకి చెప్తావా?" అంది దాలమ్మ.

"ఎందుకు చెప్తాను! నాకు తెలియాలని."

"తిప్పకి వెళ్లినప్పుడు ఎక్కడ నిలబడతావో అక్కడే ఉందనుకో. జాగ్రత్తగా అడుగు వెయ్యి."

అంతకి మించి చెప్పలేదు. ఆ డెబ్బై మందిలో ఎవరూ చెప్పలేదు. ఆడవాళ్ల నోట్లో మాట దాగదంటారే, ఆ సామెత కట్టినవాడికి పీతలతిప్ప సంగతి తెలియదు.

రాజులు పోయారు, వేరే రాజులొచ్చారు. పటాల్లో ఆ తిప్పని ఇప్పటికీ ఒకరు ఇటు గీస్తారు, ఒకరు అటు గీస్తారు. కానీ నెత్తళ్ల కాలంలో ఏ ఒడ్డు ఆడదైనా తిప్ప మీద కాలు పెట్టగానే ముందు వంగి గుప్పెడు ఇసకతో ఒక గూడు కడుతుంది. "కొర్లమ్మ ఇక్కడే ఉంది" అంటుంది. ఏటా కెరటాలు చెరిపేస్తాయి, ఏటా కడతారు. ఊళ్లో ఎవరైనా కొత్త మనిషిని పట్టుకుని నువ్వు ఎవరి తాలూకు అని ఆరా తీస్తే, పెద్దవాళ్లు కసురుతారు. "ముందు నీళ్లివ్వరా. కొర్లమ్మని అడిగినట్టు అడక్కు."

కథ తిప్ప మీద ఉండిపోయింది. విన్నవాళ్లు చిప్పెడు నీళ్లు తాగి ఇళ్లకి వెళ్లండి. వెళ్లే ముందు మూత మాత్రం వెయ్యండి.