కాలేషా మేస్త్రి సంతకం

కాలేషా మేస్త్రి నా కాగితం మీద సంతకం పెట్టనన్నాడు. అదీ మూడోసారి.

ఆ సంతకం ఏంటో ముందు చెప్పాలి. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు పాసైతే సరిపోదు. లైసెన్సున్న మేస్త్రి దగ్గర రెండేళ్ళు పనిచేసి, "ఈ మనిషికి పని వచ్చు" అని ఆయన చేత రాయించుకోవాలి. అప్పుడే వైర్‌మన్ పర్మిట్‌కి దరఖాస్తు పెట్టనిస్తారు. నాకు రెండేళ్ళూ నిండి నాలుగు నెలలైంది. దరఖాస్తుకి ఆఖరు రోజు శనివారం. పర్మిట్ ఉంటే తీసుకుంటామని స్పిన్నింగ్ మిల్లువాళ్ళు మాటిచ్చారు. లేకపోతే ఆ ఉద్యోగం ఇంకొకళ్ళకి పోతుంది.

"ఇంకా కాదు సలోమీ. ఇంకొన్నాళ్ళు పోనీ," అన్నాడు మేస్త్రి.

నాకు ఒళ్ళు మండిపోయింది. నాతో పాటే చేరిన అంకబాబుకి రెండేళ్ళు నిండిన రోజే పెట్టేశాడు సంతకం! మోటార్ కనెక్షన్ ఇప్పటికీ నేను కాగితం మీద గీసి చూపిస్తే గానీ ఇవ్వలేడు వాడు. ఎప్పుడు చూసినా సాగి వేలాడే చొక్కా జేబూ, వాడూనూ. అలాంటివాడికి పని వచ్చట, నాకు రాదట.

టీ కొట్టు దగ్గర అందరూ ఉండగానే అడిగేశాను. "వాడికి పెట్టి నాకెందుకు పెట్టరు మేస్త్రి గారూ? నేను ఆడదాన్ననేగా?"

టీ తాగేవాళ్ళంతా ఇటు తిరిగారు. మేస్త్రి గ్లాసు కింద పెట్టాడు. పోనీ నన్ను తిట్టినా బాగుండేది. "రేపు తొమ్మిదింటికి కారం మిల్లుకి రా. రెండు మోటార్ స్టార్టర్లు మార్చాలి," అని లేచి వెళ్ళిపోయాడు.

రాత్రంతా పళ్ళు నూరుకుంటూనే ఉన్నాను.

మా మేస్త్రి దగ్గర ఒక పద్ధతి ఉంది. పని మొదలుపెట్టే ముందు బోర్డులో ఫ్యూజులు పీకాలి. పీకినవి జేబులో వేసుకోవాలి. పని అయ్యేదాకా అవి మన ఒంటిమీదే ఉండాలి. మన జేబులో ఉన్నవాటిని ఇంకొకడు తెలీక బోర్డులో పెట్టెయ్యలేడు కదా, అందుకు. చేరిన మొదటిరోజే చెప్పాడు ఈ మాట. "నా చుడీదార్‌కి జేబెక్కడిది మేస్త్రి గారూ!" అని నవ్వాను. ఆ తర్వాత కూడా అప్పుడప్పుడూ "జేబు" అని గుర్తు చేసేవాడు. నేను మళ్ళీ నవ్వేదాన్ని. పీకిన ఫ్యూజులు బోర్డు పెట్టె మీద పెట్టి పనికి పోయేదాన్ని. రెండేళ్ళలో ఒక్కనాడూ ఏమీ కాలేదు.

నేను పనిచేస్తుంటే ఆయన సాయానికి వచ్చేవాడు కాదు. బోర్డుకి ఆనుకుని వక్కపొడి నములుతూ నిలబడేవాడు. వయసు మీద పడింది, బద్ధకం అనుకునేదాన్ని.

మర్నాడు కారం మిల్లుకి వెళ్ళాను. గుంటూరులో కారం మిల్లంటే తెలుసుగా, లోపల అడుగు పెడితే చాలు, తుమ్ములూ కన్నీళ్ళూ. ఆపరేటర్ అప్పటికే కేకలేస్తున్నాడు. "తొందరగా కానియ్యండమ్మా, బస్తాలు ఆగిపోయాయి!"

గుమ్మం పక్కనున్న బోర్డులోంచి మూడు పింగాణీ ఫ్యూజులూ పీకి పెట్టె మీద పెట్టాను. ఆ చివర మిషన్ దగ్గరికి వెళ్ళి స్టార్టర్ మూత ఊడదీశాను. కరెంటు వచ్చే తీగలు మూడూ బయటపడ్డాయి. మేస్త్రి ఎప్పటిలాగే బోర్డుకి ఆనుకుని నిలబడ్డాడు.

ఎన్నడూ లేనిది, ఆయన బోర్డు వదిలి నా దగ్గరికి వచ్చాడు.

"కరెంటు తీశావా?"

"తీశాను."

"తీశావా?"

"తీశానంటున్నాగా! నేనంత చేతకానిదాన్నా?"

"నీ మాట నమ్మి చెయ్యి పెట్టొచ్చా?"

"పెట్టుకోండి!" అన్నాను, కోపం పట్టలేక.

మేస్త్రి చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ఉత్త చెయ్యి తీగల మీదికి చాచాడు.

అప్పుడు ఆయన భుజం మీదుగా బోర్డు కనపడింది నాకు. పెట్టె తలుపు మూసేసి ఉంది. దాని మీద ఫ్యూజులు లేవు.

ఆపరేటర్! తొందరపడి పెట్టేశాడు!

"మేస్త్రీ!" అని నేను పెట్టిన కేకకి మిల్లులో పనివాళ్ళంతా ఆగిపోయారు. ఆయన చెయ్యి మీద ఒక్కటిచ్చి పక్కకి తోసేశాను. అంత పెద్దమనిషీ మిరపకాయల బస్తాల మీద వెల్లకిలా పడ్డాడు.

ఆయన నెమ్మదిగా లేచి కూర్చున్నాడు. చొక్కా జేబులో చెయ్యిపెట్టి మూడు ఫ్యూజులూ తీసి బస్తా మీద పేర్చాడు.

చెప్పొద్దూ, స్క్రూడ్రైవర్ తీసుకుని ఆయన నెత్తిన కొట్టాలనిపించింది.

"ఏంటండీ ఇది? నాతో ఆటలా? నా గుండె ఆగిపోయింది తెలుసా!"

"నా చెయ్యి కోసం ఇంత కేక వేశావు," అన్నాడు మేస్త్రి. "రెండేళ్ళ నుంచీ నీ చెయ్యి పెడుతున్నావు. ఒక్కసారీ అరవలేదేం?"

"నాకు జేబు లేదు!" ఏడుపొచ్చేసింది. కారానికో, కోపానికో. "ఆడవాళ్ళ బట్టలకి జేబు ఎవడు కుడతాడు? మీకు ఎన్నిసార్లు చెప్పాను?"

"ఆ మాట కరెంటుకి చెప్పు," అన్నాడు.

సామాన్ల సంచి అక్కడే గిరాటేసి వచ్చేశాను. దారి పొడుగునా తిట్టుకుంటూనే ఉన్నాను. ముందు ఆయన్ని తిట్టాను, తర్వాత ఆపరేటర్‌ని, తర్వాత చుడీదార్లు కుట్టేవాళ్ళందర్నీ. సందు మలుపులో అంకబాబు సైకిల్ మీద ఎదురొచ్చి పలకరించాడు. వాడి జేబు చూశాను. మూడు ఫ్యూజుల బరువుకి సాగిన జేబు అది.

సాయంత్రం టైలర్ దగ్గరికి వెళ్ళాను. "చుడీదార్‌కి జేబేంటమ్మా, సెల్‌ఫోనుకా?" అని నవ్వాడు.

"నీకెందుకయ్యా? మందపాటి గుడ్డ వేసి లోతుగా కుట్టు," అని కసిరాను.

శుక్రవారం మళ్ళీ కారం మిల్లుకి వెళ్ళాను. మొదటి స్టార్టర్ మేస్త్రే మార్చేశాడు, రెండోది మిగిలే ఉంది. గిరాటేసి వచ్చిన సంచి గుమ్మం దగ్గర సర్ది పెట్టి ఉంది. మేస్త్రి అప్పటికే బోర్డు దగ్గరున్నాడు. నా కోపం ఇంకా అలాగే ఉంది.

ఫ్యూజులు పీకాను. మూడూ జేబులో వేసుకున్నాను. ఆ బరువు చుడీదార్‌ని ఓ పక్కకి దిగలాగేసింది. స్టార్టర్ మూత తీసి, మూడు తీగలకీ టెస్టర్ పెట్టి చూశాను. "కరెంటు తీశావా?" అని ఆయన అడుగుతాడనుకుని వెనక్కి తిరిగాను.

బోర్డు దగ్గర మేస్త్రి లేడు. ఆపరేటర్ ఒక్కడే దాని పక్కన తచ్చాడుతున్నాడు. మేస్త్రి మిల్లు బయట టీ బండి దగ్గర, మా వైపు వీపు పెట్టి, తీరిగ్గా టీ ఊదుకుంటూ తాగుతున్నాడు.

రెండేళ్ళుగా ఆయన ప్రతిచోటా బోర్డుకి ఎందుకు ఆనుకుని నిలబడ్డాడో అప్పుడు తెలిసింది నాకు. కళ్ళు తుడుచుకుని పనిలో పడ్డాను.

పని అయ్యాక ఫ్యూజులు నా చేత్తోనే పెట్టాను. మోటారు తిరిగింది. మేస్త్రి లోపలికొచ్చి, "కాగితం ఏదీ?" అన్నాడు. బస్తా మీద పెట్టుకుని సంతకం చేసి ఇచ్చాడు.

నాలుగు మడతలు పెట్టి, కొత్త జేబులో పెట్టుకోబోయాను.

"దాంట్లో కాదు," అన్నాడు మేస్త్రి. "సంచిలో పెట్టుకో."