కుర్చీ కింద కాగితం కట్టలు

లోహిత్‌గాడికి ఒకటే మంట. వాడు చేసిన ఫాంట్ చూసి శామ్యూల్ మాస్టారు ఒక్క ముక్క అనలేదు.

మాస్టారంటే మామూలాయన కాదు. బెజవాడలో స్వీటు డబ్బా మీదో, అత్తరు సీసా మీదో పేరు కొంచెం ముందుకి వాలి, సన్నగా మొదలై, లావెక్కి, మళ్లీ సన్నబడి అలా జారిపోయిందంటే అది ఆయన చెయ్యే. పేరు రాస్తే పేరే నడిచొస్తున్నట్టుంటది. అబ్బా, పిచ్చెక్కిపోద్ది! అడ్రస్ మాత్రం నిలువు అక్షరాల్లోనే వేయిస్తారు. "అందరూ డాన్సేస్తే చూసేదెవడ్రా?" అంటారు.

ఇప్పుడు ఆయన మనవరాలు కెజియా పెళ్లి. శుభలేఖ మీద పేర్లు శిష్యుడు లోహిత్ అక్షరాల్లో ఉండాలని మాస్టారి కోరిక. కార్డు సాయంత్రం ప్రెస్‌కి వెళ్లాలి. వీడి అక్షరం కుదరకపోతే ఆయనే రాసేస్తారు.

వీడేం చేశాడు? నిలువు అక్షరాలు గీసి, కంప్యూటర్లో ఒక్క బటన్ నొక్కి అన్నిట్నీ పక్కకి వంచేశాడు.

"మీకు ఏళ్లు పట్టింది మాస్టారూ, నాకు ఒక్క పూట. ఏమంటారు?"

మాస్టారు పక్కనున్న కుర్చీని ఎత్తి, ఒక వైపు కాళ్ల కింద రెండు కాగితం కట్టలు పెట్టారు.

"ఇదేంటండీ?"

"కూర్చోవయ్యా గొప్పోడా."

కూర్చున్నాడు. జర్రున జారి బల్ల పట్టుకున్నాడు.

"ఎలా ఉంది?"

"ఎలా ఉండడమేంటండీ, పడిపోతున్నా!"

మాస్టారు స్క్రీన్ మీదున్న 'కె' వైపు చూశారు. లోహిత్ కూడా చూశాడు. అది కూడా దేన్నో పట్టుకుని వేలాడుతున్నట్టే ఉంది.



మాస్టారు కట్టలు లాగేసి, ల్యాప్‌టాప్ పక్కకి జరిపి, వెడల్పు పాళీ ఉన్న కలం వాడి చేతిలో పెట్టారు. "మా పిల్ల పేరు రాయి."

రాశాడు. చెత్తగా వచ్చింది. మళ్లీ రాశాడు. ఇంకా చెత్త. చూస్తుండగానే సాయంత్రమైపోయింది. ప్రెస్ నుంచి ఫోన్.

"రేపిస్తాం అబ్బాయ్. మావాడు రాస్తన్నాడు" అన్నారు మాస్టారు.

మావాడు! లోహిత్ ఇంకో కాగితం లాక్కున్నాడు. ఈసారి భుజం కలంతోపాటే కదిలింది. ఒళ్లంతా ముందుకి వాలింది. గీత సన్నగా మొదలై, లావెక్కి, దానంతటదే జారిపోయింది. కాగితం మీద కెజియా నడిచొస్తోంది.

మాస్టారు వంగి చూశారు.

"ఇప్పుడు నీ కుర్చీ కింద ఏం పెట్టాన్రా?"

లోహిత్ తల వంచి చూశాడు. ఏం లేదు. అయినా వాలాడు, జారిపోలేదు.

పాళీ సిరాలో ముంచి, పెళ్లికొడుకు పేరు మొదలుపెట్టాడు.